బద్ధకం ఏ ఫిల్ములో కనిపిస్తుంది?

కిందటేడు వానాకాలంలో నాకు వారం రోజుల పాటు విడవకుండా తలనొప్పి వచ్చింది. డాక్టరుగారు కళ్లలోకి లైటు వేసి చూసి, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి, "ఏం ఉండదు గానీ, ఎందుకైనా మంచిది, ఒక ఎం.ఆర్.ఐ. తీయించుకో బాబూ" అన్నారు. చందానగర్ వెళ్లి తీయించుకున్నాను. గొట్టంలో పడుకోబెట్టి, తలకి పంజరం లాంటిది తగిలించి, కదలొద్దన్నారు. ఇరవై నిమిషాల సేపు ఎవరో రేకుల షెడ్డు మీద సమ్మెటలతో బాదుతున్నట్టు ఒకటే మోత. మర్నాడు రిపోర్టు ఇచ్చారు. అంతా నార్మల్. తలనొప్పికి కారణం కళ్లజోడు నంబరు మారడమని ఆ తర్వాత తేలింది. మెదడు దాకా వెళ్లిన కేసు చివరికి ముక్కు మీద కూర్చున్న అద్దాల దగ్గర ముగిసింది.

ఆ సాయంత్రం హాస్టలు గదిలో ఫిల్ముని ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూస్తున్నాం. కాలీఫ్లవరుని నిలువునా అడ్డంగా కోసి వరసగా పేర్చినట్టు ఇరవైనాలుగు బొమ్మలున్నాయి. మా రూమ్మేటు చాలాసేపు తీక్షణంగా చూసి, "అన్నీ మంచిగనే ఉన్నయ్ గానీ, నీ బద్ధకం ఏడుందిరా ఇండ్ల?" అన్నాడు.

నవ్వులాటకి అన్నమాటే. కాని ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. నిజమే కదా! ఒకడు తెల్లారి అయిదింటికి లేచి గ్రౌండు చుట్టూ పరుగెడతాడు. ఇంకొకడు తొమ్మిదింటి క్లాసుకి ఎనిమిదీ యాభైకి లేస్తాడు. ఇద్దరూ ఆరోగ్యవంతులే, ఇద్దరి రిపోర్టూ నార్మలే. ఒకడు ఎప్పుడూ హుషారు, ఇంకొకడు ఎప్పుడూ ముసురుపట్టిన ఆకాశం. ఈ తేడా మెదడు నిర్మాణంలో ఎక్కడైనా కనిపిస్తుందా? సావనీరుకి ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు ఇదే రాస్తానన్నాను. నేను డాక్టర్ని కాను, చదివేది ఫిజిక్సు. ఆ గొట్టంలోని అయస్కాంతం సంగతి తరగతిలో నేర్చుకున్నాను. అందులో పడుకున్న మెదడు సంగతి మాత్రం ఈ ఏడాదిగా లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదే. జీవశాస్త్ర విభాగం మిత్రులు తప్పులుంటే నిస్సంకోచంగా దిద్దవచ్చు.

ముందు అయస్కాంతం మాట. మామూలుగా ఆస్పత్రుల్లో ఉండే యంత్రంలో క్షేత్రబలం ఒకటిన్నర టెస్లా. అంటే భూమి అయస్కాంతత్వానికి సుమారు ముప్ఫై వేల రెట్లు. మన ఒంట్లో నీళ్లెక్కువ, నీళ్లలో హైడ్రోజను ఎక్కువ. ఆ హైడ్రోజను కేంద్రకాలని ఈ క్షేత్రంలో ఒక వరసకి తెచ్చి, రేడియో తరంగంతో ఒక్కసారి తట్టి వదిలితే, అవి మళ్లీ సర్దుకుంటూ చిన్న సంకేతం ఇస్తాయి. కొవ్వు ఎక్కువున్న చోట ఒక తీరున, నీళ్లెక్కువున్న చోట ఇంకో తీరున సర్దుకుంటాయి. ఆ తేడాయే బొమ్మ. కణాలు దట్టంగా ఉన్నచోటు బూడిదరంగుగానూ, వాటిని కలిపే తీగల కట్టలు తెల్లగానూ కనిపిస్తాయి. సమ్మెట మోత అయస్కాంతపు తీగచుట్టలది. కరెంటు గబగబా మారుతుంటే అవి అదిరిపోతూ చేసే రొద అది.

ఇక మెదడు. బరువు కిలో మూడు నాలుగు వందల గ్రాములు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు లేదు గాని, ఊరికే కూర్చున్నప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో అయిదో వంతు అదే తినేస్తుంది. నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. ఇంత సరంజామాలో ఉత్సాహం ఎక్కడ, మనసు బాగుండడం ఎక్కడ అని వెతకడం లింగంపల్లి స్టేషనులో ఆఫీసుల వేళకి ఒక చొక్కా రంగు చెప్పి మనిషిని వెతకడం లాంటిది. అయినా వెతికారు. కొంత దొరికింది.

మొదట దొరికింది పొరపాటున. 1954లో కెనడాలో, మాంట్రియల్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలకల మెదడులోకి సన్నటి తీగ దించి పరిశోధన చేస్తున్నారు. ఒక ఎలకకి తీగ అనుకున్న చోట కాక పక్కన దిగింది. ఆ ఎలక తనకి కరెంటు తగిలిన మూలకే మళ్లీ మళ్లీ పోతోంది. మీట చేతికిచ్చి చూశారు. నొక్కితే కరెంటు. అంతే, గంటకి వందలసార్లు, తర్వాతి ప్రయోగాల్లో వేలసార్లు కూడా నొక్కుకుంటూ కూర్చున్నాయి ఎలకలు. లోకమంతా "ఆనంద కేంద్రం దొరికింది" అంది. పత్రికలు సరే, శాస్త్రజ్ఞులే చాలాకాలం అలా అనుకున్నారు.

అది ఆనందం కాదేమోనని తర్వాత తేలింది. ఆ తీగ తగిలిన దారి పొడుగునా పనిచేసే రసాయనం డోపమిన్. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే ఆయన, ఆయన సహచరులు ఎలకల మెదడులో డోపమిన్ దాదాపు పూర్తిగా లేకుండా చేసి చూశారు. ఎదురుగా తిండి ఉన్నా ఎలకలు కదలవు. అలా వదిలేస్తే ఆకలితో చచ్చిపోతాయి. కాని పంచదార నీళ్లు నోట్లో పోస్తే మాత్రం మామూలు ఎలకల్లాగే పెదవులు చప్పరిస్తాయి! రుచి తెలుస్తోంది, ఇష్టమూ ఉంది. లేనిది దాని కోసం లేచే కోరిక. ఇష్టపడడం వేరు, కోరడం వేరు అని ఆయన సిద్ధాంతం చేశాడు. మొదటిది చదివినప్పుడు నాకు మా హాస్టలే గుర్తొచ్చింది. ఎవరైనా స్టేషను దగ్గర నుంచి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెచ్చి మంచం దగ్గర పెడితే ఎంత ఇష్టంగా తింటాం! లేచి చెప్పులేసుకుని అక్కడి దాకా పోవాలంటే మాత్రం ఒద్దులే అంటాం. నాలుక అదే, బిస్కట్టు అదే. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డోపమిన్ కణాలు ఏం లెక్క వేస్తాయో చూసినవాడు వుల్‌ఫ్రాం షుల్ట్స్. కోతికి పళ్లరసం చుక్క ఇస్తే ఆ కణాలు మిణుక్కుమంటాయి. రసానికి ముందు దీపం వెలగడం అలవాటు చేస్తే, కొన్నాళ్లకి దీపానికే మిణుక్కుమని, రసం వచ్చినప్పుడు ఊరుకుంటాయి. దీపం వెలిగి రసం రాలేదా, సరిగ్గా రావలసిన క్షణంలో మామూలు కన్నా మందగిస్తాయి. అంటే అవి లెక్కపెట్టేది సుఖాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని. 1997లో ఈ లెక్కని సూత్రంగా పెట్టారు. మన భాషలో చెప్పాలంటే, అరవై మార్కులు వస్తాయనుకున్నవాడికి అరవై అయిదు వస్తే పండగ, ఎనభై అనుకున్నవాడికి డెబ్భై అయిదు వస్తే దినం. మెదడుకి మార్కుల జాబితాతో పనిలేదు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. 2012లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ట్రెడ్‌వే, డేవిడ్ జాల్డ్ అనేవారు పాతికమంది ఆరోగ్యవంతులైన యువకులకి ఒక విచిత్రమైన పని పెట్టారు. సులువు పని కావాలంటే చూపుడువేలుతో ఏడు సెకన్లలో ముప్ఫైసార్లు బటను నొక్కాలి, ఒక డాలరు. కష్టం పని కావాలంటే వాటంలేని చేతి చిటికెన వేలుతో ఇరవైయొక్క సెకన్లలో వందసార్లు నొక్కాలి, నాలుగు డాలర్ల పైచిలుకు దాకా రావచ్చు. గెలిచినా డబ్బు వస్తుందన్న భరోసా ప్రతిసారీ లేదు. ఎవరు ఏది ఎంచుకుంటారో చూసి, విడిగా వాళ్ల మెదడులో డోపమిన్ ఎక్కడెంత పలుకుతోందో కొలిచారు. ఫలితం దక్కే అవకాశం తక్కువైనా సరే కష్టం పనికే దిగేవాళ్లలో, మెదడు లోతున ఉండే స్ట్రయేటం అనే భాగంలోనూ, నుదుటి వెనక కింది భాగంలోనూ డోపమిన్ స్పందన ఎక్కువ. సులువు పని ఎంచుకునేవాళ్లలో ఇన్సులా అనే మరో చోట ఎక్కువ. అదే రసాయనం ఒకచోట "పద" అంటుంటే, ఇంకోచోట ఎక్కువైతే "అబ్బ, ఎందుకొచ్చిన శ్రమ" అంటోందన్నమాట. కాబట్టి డోపమిన్ పెంచే మాత్ర వేసుకుంటే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏ గదిలో దీపం వెలగాలన్నది కూడా ముఖ్యమే.

మా రూమ్మేటు ప్రశ్నకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో మసూద్ హుస్సేన్ బృందం చేసిన పని. వాళ్లు ఆరోగ్యవంతులైన నలభైమంది వలంటీర్లని తీసుకున్నారు. ఒక ప్రశ్నావళి ఇచ్చి, ఎవరికి ఎంత నిరాసక్తత ఉందో రాసుకున్నారు. మనవాళ్ల భాషలో ఎవరెంత బద్ధకస్తులో! తర్వాత స్కానరులో పడుకోబెట్టి, చేతికి ఒక పిడి ఇచ్చి, ఇంత గట్టిగా పిండితే ఇంత బహుమతి, ఒప్పుకుంటావా మానుకుంటావా అని బేరం పెట్టారు. బద్ధకస్తులు శ్రమ ఎక్కువైన బేరాలని వదిలేశారు, అందులో వింతలేదు. వింత ఏమంటే, వాళ్లు ఒప్పుకున్నప్పుడు, కదలికకి ముందు పథకం వేసే మెదడు భాగం మిగతావాళ్లలో కన్నా ఎక్కువ పనిచేసింది. తక్కువ కాదు, ఎక్కువ! అదే పనికి వాళ్ల మెదడు ఎక్కువ ఖర్చు పెడుతోంది. కారణం వెతికితే, ఏది ఎంత విలువైనదో నిర్ణయించే చోటుకీ (నుదుటికి వెనక, రెండు అర్ధగోళాల మధ్య లోపలివైపు ఉంటుంది, సింగ్యులేట్ అంటారు) కదలికని సిద్ధం చేసే చోటుకీ మధ్య సంబంధం వాళ్లలో బలహీనంగా ఉంది. పనిచేసే తీరులోనే కాదు, తీగల కట్ట నిర్మాణంలో కూడా.

అంటే మోటారు బాగానే ఉంది, నీళ్లూ ఉన్నాయి, మధ్యలో పైపు సన్నం. ఎవడైనా మంచం మీద నుంచి లేవడానికి రెండో వాడి కన్నా నిజంగానే ఎక్కువ శ్రమ పడుతున్నాడేమో! ఇది చదివినరోజు నేను గదికొచ్చి, "చూడరా, బద్ధకస్తుడు ఎక్కువ కష్టపడే మనిషి, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చెప్పారు" అన్నాను. "ఈ మాట మా నాయినకు చెప్పు" అన్నాడు. వాళ్ల నాన్నగారికి జడ్చర్ల దగ్గర రెండెకరాల పొలం, బోరు. పైపు సన్నమైతే పొలంలో ఏమౌతుందో ఆయనకి ఆక్స్‌ఫర్డ్ చెప్పనక్కరలేదు.

ఉత్సాహం సంగతి అది. మనసు బాగుండడం, బాగుండకపోవడం దీనికి చుట్టమేగాని, ఇదే కాదు. 2014లో లండన్‌లో రాబ్ రట్లెడ్జ్ బృందం చిన్న జూదం లాంటి ఆట ఆడిస్తూ, మధ్యమధ్య "ఇప్పుడెంత సంతోషంగా ఉన్నారు?" అని అడిగింది. మొదట ప్రయోగశాలలో కొద్దిమందిని, తర్వాత సెల్‌ఫోను ద్వారా 18,420 మందిని. ఎంత గెలిచారన్నది సంతోషాన్ని నిర్ణయించలేదు. ఇటీవలి కొద్ది ఆటల్లో అనుకున్నదాని కన్నా మెరుగ్గా జరిగిందా లేదా అన్నదే నిర్ణయించింది. షుల్ట్స్ కోతుల లెక్కే ఇది. మనఃస్థితి అంటే ఆ చిన్నచిన్న తేడాల గుడ్డి సరాసరి, పాతవి క్రమంగా మరుపున పడిపోతూ ఉంటాయి.

ఈ సరాసరిని తారుమారు చేసేది నిద్ర. పరీక్షల ముందు నైటౌట్లు చేసేవాళ్లు ఇది వినాలి. 2007లో మాథ్యూ వాకర్ తదితరులు కొందరిని సుమారు ముప్ఫై అయిదు గంటలు మేలుకోబెట్టి, బాధ కలిగించే బొమ్మలు చూపించారు. బాదంగింజంత ఉండే అమిగ్డలా, అంటే భయాన్నీ కోపాన్నీ రాజేసే భాగం, నిద్రపోయినవాళ్లలో కన్నా అరవై శాతం ఎక్కువగా మండిపడింది. దాన్ని అదుపులో పెట్టే నుదుటి వెనక భాగంతో దానికున్న సంబంధం సడలింది. నిర్మాణం ఏమీ మారలేదు, ఒక్క రాత్రి నిద్ర పోయింది, అంతే. పరీక్ష హాలు బయట జరిగే సగం తగాదాలకి నేను దీన్నే కారణంగా చూపిస్తాను.

ఇక్కడ మన వీధి కథ ఒకటి చెప్పాలి. లింగంపల్లి స్టేషనుకి పట్టుమని పది కిలోమీటర్లు లేని గచ్చిబౌలిలో, 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది కదా. అక్కడ జయంతి శివస్వామి గారి బృందం, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థతో కలిసి, 2019లో భారతీయ మెదడు పటం ఒకటి తయారుచేసింది. ఇరవైయొకటి నుంచి ముప్ఫై ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు వందమంది, యాభైమంది మగవారు, యాభైమంది ఆడవారు. యంత్రం వల్ల తేడా రాకుండా మూడు వేరువేరు స్కానర్ల మీద తీసిన బొమ్మలు. వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి సర్ది, సగటు మెదడు ఒకటి కట్టారు. పేరు ఐ.బి.ఎ. 100.

మర్నాటి పేపర్లలో శీర్షికలు ఎలా వచ్చాయో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. "భారతీయుల మెదడు చిన్నది!" సగటున పొడవు, వెడల్పు, పరిమాణం పాశ్చాత్యుల మెదడు కన్నా, చైనా కొరియా వాళ్ల మెదడు కన్నా కూడా తక్కువని తేలిన మాట నిజమే. ఆ వార్త ఆ తర్వాత కూడా మెస్సుల్లో, టీకొట్ల దగ్గర తిరుగుతూనే ఉంది. ఎవడైనా లెక్క తప్పు చేస్తే "ఐ.బి.ఎ. బ్రెయిన్ రా వీడిది" అనడం నేను మొన్నమొన్నటి దాకా విన్నాను. నవ్వుకోవచ్చు గాని, పరిమాణానికీ తెలివికీ అలా ముడిపెట్టడం ఎంత తప్పో చెప్పడానికి పాత ఉదాహరణే చాలు. రష్యన్ రచయిత తుర్గేనెవ్ మెదడు రెండు కిలోల పైన తూగింది. ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్ మెదడు కిలో దాటి కొద్ది గ్రాములే. నోబెల్ బహుమతి వచ్చింది ఈ రెండో ఆయనకి, 1921లో. ఐన్‌స్టీన్ మెదడు 1,230 గ్రాములు, మామూలు కన్నా కొంచెం తక్కువే.

అసలు ఆ పటం దేనికి చేశారన్నది వార్తల్లో వెనకబడిపోయింది. మెదడు కొలతలు తీసే పని ఇప్పుడు కంప్యూటర్లది. కంప్యూటరుకి ఒక కొలబద్ద కావాలి. 1988లో వచ్చిన ప్రసిద్ధ పటం ఒకటి ఫ్రాన్సులో అరవయ్యేళ్ల స్త్రీ ఒకామె మెదడు మీద ఆధారపడి గీసింది. ప్రపంచమంతా ఒక్కామె మెదడుతో తమ మెదళ్లని పోల్చుకుంది! తర్వాత మాంట్రియల్ వాళ్లు (ఎలకల మాంట్రియలే) 152 మంది సగటు కట్టారు. అదే ఇవాళ్టికీ ఎక్కువగా వాడుకలో ఉంది. ఆ సగటు అక్కడివాళ్లది. చైనావాళ్లు, కొరియావాళ్లు తమకి తాము వేరే పటాలు చేసుకున్నారు. మనం మాత్రం ఎరువు తెచ్చిన చొక్కా తొడుక్కుని, భుజాలు జారుతున్నాయి కాబట్టి మనకి భుజాలు లేవనుకున్నట్టుగా ఉండిపోయాం.

దీనివల్ల వచ్చే ప్రమాదం చిన్నది కాదు. హిప్పోకాంపస్ అని ఒక భాగం ఉంది. జ్ఞాపకానికి ముఖ్యమైనది, మనఃస్థితితోనూ సంబంధమున్నది. మతిమరుపు జబ్బులో అది కుదించుకుపోతుంది. మా అమ్మమ్మ లాంటి ఆమెకి స్కాను తీసి, విదేశీ కొలబద్ద పక్కన పెడితే, పుట్టుకతోనే కొంచెం చిన్నదైన హిప్పోకాంపస్ జబ్బు వల్ల చిన్నదైనట్టు కనిపించవచ్చు. లేని జబ్బుకి మందులు. లేదా ఉన్న జబ్బు తొలిదశలో కనిపించకుండా పోవచ్చు. మన సగటు తెలిస్తేనే మనలో ఎవరు సగటుకి దూరంగా ఉన్నారో తెలుస్తుంది. పైగా ఈ వందమంది పడుచువాళ్లే. ముసలివాళ్ల కొలబద్ద వేరే ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని స్కాను చేయడం డబ్బు దండగ అనుకునేవాళ్లకి నేనిచ్చే జవాబు ఇదే.

ఆరోగ్యవంతుల్లో ఈ హిప్పోకాంపస్ వాడకాన్నిబట్టి మారుతుంది కూడా. లండన్‌లో టాక్సీ తోలాలంటే వేలాది వీధులు కంఠతా రావాలి. 2000లో ఎలినార్ మగ్వైర్ అనే ఆమె ఆ డ్రైవర్లు పదహారుమందిని స్కాను చేస్తే, హిప్పోకాంపస్ వెనక భాగం మామూలువాళ్ల కన్నా పెద్దది. పుట్టుకతో పెద్దదున్నవాళ్లే ఆ పనిలో చేరారేమోనని అనుమానం రావడం సహజం. 2011లో ఆమే మళ్లీ, నేర్చుకోకముందు ఒకసారి, నేర్చుకుని పాసయ్యాక ఒకసారి కొలిచి చూసింది. పాసైనవాళ్లలో పెరిగింది, ఫెయిలైనవాళ్లలో పెరగలేదు. అదే ఏడాది అమెరికాలో కర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దవయసు వాళ్లని తీసుకుని, సగంమందిని ఏడాదిపాటు వారానికి మూడురోజులు, రోజుకి నలభై నిమిషాలు నడిపించింది. నడిచినవాళ్లలో హిప్పోకాంపస్ రెండు శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రం చేసిన మిగతా సగంలో వయసుతో పాటు కొంచెం తగ్గింది.

ఇంతదాకా చదివినవారికి మెదడు బొమ్మ చూసి జాతకం చెప్పేయొచ్చుననిపిస్తే, ఆ తప్పు నాది. చల్లనీళ్లు కూడా నేనే చల్లాలి. పాతికమంది, నలభైమంది, పదహారుమంది! 2022లో స్కాట్ మారెక్ తదితరులు దాదాపు యాభైవేలమంది స్కాన్లు పోగుచేసి లెక్కవేశారు. మెదడులో ఫలానా భాగం ఇంత ఉంటే స్వభావం ఇలా ఉంటుందనే సంబంధాలు నిజంగా ఉన్నా చాలా బలహీనమైనవనీ, నమ్మకంగా చెప్పాలంటే వేలమంది కావాలనీ, చిన్న గుంపుల్లో కనిపించేవి చాలావరకు కాకతాళీయాలనీ వాళ్లు చూపించారు. అప్పటిదాకా అచ్చైన ఎన్నో వ్యాసాలకి అది పెద్ద దెబ్బ. దిగులు జబ్బు ఉన్నవాళ్లలో హిప్పోకాంపస్ చిన్నదన్న సంగతి 2016లో వేలమంది మీద గట్టిగా తేలింది. కాని ఆ తేడా ఎంత చిన్నదంటే, ఇద్దరి స్కాన్లు పక్కపక్కన పెట్టి ఎవరికి దిగులుందో చెప్పమంటే ఏ మొనగాడూ చెప్పలేడు. సగటు గుంపు గురించి మాట్లాడుతుంది, మనిషి గురించి మాట్లాడదు. ట్రెడ్‌వే, హుస్సేన్ పనుల్ని నేను ఇంకా ఎందుకు గౌరవిస్తానంటే, వాళ్లు ఊరికే పరిమాణం కొలిచి ఊరుకోలేదు. పని పెట్టి, ఎంపిక చూసి, దానికీ మెదడుకీ లంకె వెతికారు. అయినా అవి చిన్న గుంపులేనన్న మాట మరవకూడదు.

ఇక మా రూమ్మేటు సంగతి. వాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను.

ఆ ఫిల్ము చూసి నవ్వినవాడే, సంక్రాంతి సెలవుల తర్వాత తిరిగొచ్చి క్లాసులకి రావడం మానేశాడు. పొద్దున నేను వెళ్లేటప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు, సాయంత్రం వచ్చేటప్పటికీ అలాగే ఉంటాడు. మేమందరం బద్ధకమన్నాం. నేనైతే అందరికన్నా ఎక్కువ అన్నాను. చదివిన విద్య ఉంది కదా, సింగ్యులేట్ అనీ, పైపు సన్నమనీ వాడి మంచం పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లమ్మ ఫోను చేసి "బిడ్డా, మావోడు ఫోనెత్తుతలేడు, పానం బాగుందా?" అని అడిగితే, "నిద్రపోతున్నాడమ్మా, బాగానే ఉన్నాడు" అన్నాను. రెండుసార్లు అన్నాను.

ఒక ఆదివారం స్టేషను దగ్గర నుంచి వాడికిష్టమైన బిర్యానీ పొట్లం కట్టించుకుని తెచ్చి మంచం దగ్గర పెట్టాను. రెండు ముద్దలు తిని, పక్కకి జరిపి, "ఏం రుచి తెలుస్తలేదురా" అన్నాడు. చేతిలో ముద్దతో అక్కడే ఆగిపోయాను. లేచి వెళ్లలేకపోవడం ఒకటి, తెచ్చి నోటికందిస్తే కూడా ఇష్టం లేకపోవడం మరొకటి. ఆ తేడాని పుస్తకంలో కిందగీత గీసి చదువుకున్నవాణ్ణి, నా గదిలోనే ఉన్నదాన్ని రెండు నెలలు చూడలేదు. టెలి-మానస్ నంబరు 14416 అని నోటీసుబోర్డు మీద ఉంది. ఆ రాత్రి మేమిద్దరం కలిసి ఫోను చేశాం. తర్వాత డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడారు. నిద్ర ఎలా ఉంది, ఎన్నింటికి మెలకువ వస్తోంది, ఆకలి ఉందా, ఇంటి దగ్గర అప్పులేమైనా ఉన్నాయా, చచ్చిపోవాలనిపించిందా అని నెమ్మదిగా, ఒకటొకటే అడిగారు. ఇంటి దగ్గర బోరు ఎండిపోయిందనీ, నాన్న పొలం అమ్మే మాట ఎత్తాడనీ నాకు తెలిసింది అప్పుడే. చివర్లో వాడు, "మేడం, నాకు స్కాను తియ్యరా?" అన్నాడు. ఆవిడ నవ్వి, "దీనికి స్కానుతో పనిలేదయ్యా, నువ్వు చెప్పిందే స్కాను" అన్నారు.

మందు, మాటలు, కొంత నడక. నాలుగు నెలలు పట్టింది. రెండు పేపర్లు మిగిలాయి, సప్లిమెంటరీకి కట్టాడు. ఇప్పుడు వాడు నాకన్నా ముందు లేస్తాడు. పొద్దున ఆరింటికి నా దుప్పటి లాగేసి, "లేవరా, ఎక్కువ కష్టపడేటోడా" అంటాడు. ఇద్దరం స్టేషను దాకా నడిచి, మొదటి ఎం.ఎం.టి.ఎస్.లు దిగి ఆఫీసులకి పరుగెత్తే జనాన్ని చూస్తూ చాయ్ తాగి వస్తాం. వాడు ఒక బిస్కట్టు ఎక్కువే తింటాడు. నా ఫిల్ము మాత్రం మా గది కిటికీకి పగిలిన అద్దం చోట అంటించి ఉంది, పడమటెండ ఆగడానికి.